కనుమ నాటి ప్రశ్నకు తాతయ్య జవాబు

విశాఖపట్నం

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

కనుమ నాడు భోజనాల దగ్గర "నువ్వెందుకు తినవు తాతయ్యా?" అని మీరంతా ఒక్కసారే అడిగారు. అందరి విస్తళ్ళలోనూ మాంసం కూర ఉండగా నా ముందు గారెలు, పనసపొట్టు కూర, పప్పుచారు మాత్రమే కనిపిస్తే మీకు ఆ సందేహం రావడం సహజమే. అయితే తినేవాళ్ళ ఎదుట కూర్చుని ఆ తిండి మంచిచెడ్డలు తర్కించడం మర్యాద కాదని నా అభిప్రాయం. అందుకని ఉత్తరం రాస్తున్నాను. మీరు ఎవరి ఇళ్ళకు వాళ్ళు చేరి, తిన్నది అరిగాక తీరికగా చదువుకోవచ్చు.

ముందు ఏవి నా కారణాలు కావో చెబుతాను. మనది పుట్టుకతో శాకాహారుల కుటుంబం కాదు. నేను పాత ఊరిలో పెరిగాను. వేట నుంచి పడవలు ఒడ్డుకు చేరిన కాసేపటికే జాలరి ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి వచ్చేవారు. మా అమ్మ చేప మొప్ప ఎత్తి, లోపలి ఎరుపు చూసుకున్నాకగాని బేరం మొదలుపెట్టేది కాదు. కోనం ముక్కల పులుసు, చందువా వేపుడు, బాలింతలకు సొరపుట్టు, వేట సాగని ముసురు రోజుల్లో ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయ కూర, ఇవన్నీ తిని పెరిగిన ఒళ్ళు నాది. మీ నాయనమ్మ ఇప్పటికీ ఆదివారం పులుసు పెడితే ఆ వాసనకు నాకు నోరూరుతుంది. అసహ్యం పుట్టి మానేశానని మాత్రం అనుకోకండి.

భక్తి కూడా కారణం కాదు. కార్తీక మాసం పొడవునా ముక్క ముట్టనివారు పోలి పాడ్యమి దీపాలు వదిలేసిన మర్నాడు చికెన్ దుకాణం ముందు వరుస కట్టడం మీరూ చూసే ఉంటారు. వారిని నేను ఎగతాళి చేయను (కొంచెం నవ్వుకుంటాను, అంతే). దేవుడి కోసం మానినవారు ఆ రోజులు గడిచాక తింటారు, అందులో తప్పేమీ లేదు. నేను మానడానికీ సింహాచలం అప్పన్నకూ సంబంధం లేదు.

ఇక మడి, కులం సంగతి మీరు కాస్త శ్రద్ధగా చదవాలి. మన దేశంలో మాంసం తినకపోవడాన్ని ఎక్కువతనానికి గుర్తుగా, తినడాన్ని తక్కువతనానికి గుర్తుగా వాడుకున్న చరిత్ర చాలా పొడవైనది. ఇల్లు అద్దెకిచ్చే బోర్డు మీద "శాకాహారులకు మాత్రమే" అని రాసేవారు నిజానికి ఏ వంట వండుతారని అడగడం లేదు, ఏ ఇంట్లో పుట్టారని అడుగుతున్నారు. అటువంటి శాకాహారంతో నన్ను కలపవద్దు. మన ఇంట్లో గిన్నెలు వేరు కావు, పొయ్యి వేరు కాదు. పులుసు గరిటె నా పప్పులో పెట్టొద్దని మాత్రమే మీ నాయనమ్మను కోరాను, అదైనా రుచి మారుతుందని. పెదజాలరిపేటలో సముద్రాన్ని నమ్ముకుని బతికేవారి కంటే పప్పన్నం తినే నేను ఏ విధంగానూ మెరుగైనవాణ్ణి కాను.

అసలు కారణం ఒక్కటే, అది చాలా చిన్నది. పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆదివారం ఉదయం కోడి కొనడానికి వెళ్ళాను. అంతకు ముందు ఎన్నోసార్లు వెళ్ళిన దుకాణమే. ఇనుప జాలీ వెనుక పక్షులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన్ని నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. "ఏది కావాలి సార్?" అని అడిగితే వేలు చూపించాను. అతను రెక్కలు మడిచి పట్టుకుని కాటాలో పెట్టాడు, ముల్లు ఆగేదాకా అది కదలకుండా పడుకుంది. తరువాత మెడ మీద కత్తి పెట్టి, నీలం డ్రమ్ములో తలకిందులుగా పడేశాడు. డ్రమ్ము లోపల కొట్టుకునే చప్పుడు కొంతసేపు వినిపించింది. అతను ఆ చప్పుడు ఆగడం కోసమే చూస్తూ నా చిల్లర లెక్కపెట్టాడు. ఇందులో అతని క్రూరత్వం ఏమీ లేదు, అతను తన పని శుభ్రంగా చేశాడు. కానీ ఆ జాలీ వెనుక ఉన్నవాటిలో ఏది చావాలో నిర్ణయించింది మాత్రం నా వేలు. ఆ రోజు కూర వండారు, నేను తిన్నాను, రుచిగానే ఉంది. ఆ వేలు విషయం మాత్రం నన్ను వదలలేదు.

ఈ మాటను స్పష్టంగా ఆలోచించుకోవడానికి నాకు తొట్లకొండ సాయపడింది. భీమిలి దారిలో సముద్రం వైపు చూసే ఆ కొండ మీద, 1988లో మొదలైన తవ్వకాల్లో బౌద్ధ సంఘారామం బయటపడింది. స్తూపాలు, భిక్షువుల గదులు, వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లతో పాటు అక్కడ వంటశాల, భోజనశాల పునాదులు కూడా ఉన్నాయి. మిమ్మల్ని ఒకసారి తీసుకెళ్ళినప్పుడు మీరు ఫోటోలు దిగిన ఆ పొడవాటి గోడల చోటు అదే. బౌద్ధ భిక్షువులందరూ శాకాహారులని చాలామంది అనుకుంటారు. నిజానికి పాళీ గ్రంథాల్లో బుద్ధుడు వారికి మాంసాన్ని పూర్తిగా నిషేధించలేదు. ఆ జంతువును తన కోసమే చంపుతుండగా భిక్షువు చూసి ఉండకూడదు, అలా చంపారని విని ఉండకూడదు, అలా చంపి ఉంటారన్న అనుమానం కూడా కలగకూడదు. ఆ మూడూ లేకపోతే బిచ్చంలో పడినది తినవచ్చు. ఆ నియమాన్ని నేను నా ఆదివారానికి వర్తింపజేసి చూసుకున్నాను. చూశాను, విన్నాను, ఇక అనుమానానికి చోటే లేదు. ఎముకలు తీసి ప్యాకెట్లో పెట్టి ఇంటికే తెచ్చి ఇస్తే చూడటం, వినడం తప్పుతాయేమోగాని, కొన్నవాడి కోసమే చంపారన్న మూడో సంగతి ఎక్కడికీ పోదు.

ఇంతటితో ఒక్క రోజులో అన్నీ వదిలేశానని అనుకోకండి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుడి శాసనాల్లో మొదటిది నాకు చాలా ఇష్టం. ఒకప్పుడు తన వంటశాలలో రోజూ లక్షల ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్ళను, ఒక జింకను మాత్రమే చంపుతున్నారని, ఆ జింకను కూడా ప్రతిరోజూ కాదని, ముందుముందు ఈ మూడింటినీ చంపబోరని చక్రవర్తి అందులో రాయించాడు. అంతటి రాజుకే మెట్లు మెట్లుగా దిగవలసి వస్తే పోర్టు గుమాస్తా ఎంత? నేను మొదట కోడిని, మేకను వదిలాను, గుడ్డును ఆ తరువాత. గుడ్లు పెట్టే జాతి కోళ్ళలో మగ పిల్లలు గుడ్డూ పెట్టవు, మాంసానికి లాభసాటిగానూ పెరగవు, అందుచేత హేచరీలలో పుట్టిన రోజే వాటిని చంపేస్తారని తెలిశాక ఆమ్లెట్టు మానడం నాకు కష్టమనిపించలేదు.

చేప మాత్రం చాలా కష్టపెట్టింది. చేప అరవదు కదా, దానికి నొప్పి ఏముంటుందని మా ఇంట్లో అందరిలాగే నేనూ సర్దిచెప్పుకుంటూ వచ్చాను. 2003లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపల తలలో నొప్పిని గ్రహించే నాడులు ఉన్నాయని చూపించారు. 2022లో ఆ దేశం జంతువుల అనుభూతికి సంబంధించిన చట్టం చేసినప్పుడు పీతలను, రొయ్యలను, ఆక్టోపస్‌లను కూడా అందులో చేర్చింది. ఫిషింగ్ హార్బరులో డెక్కలకు తాళ్ళు కట్టి, బతికి ఉండగానే గంపలో పేర్చిన పీతల కళ్ళు కాడల మీద అటూ ఇటూ తిరగడం నేను దగ్గరగా చూశాను. ఆ తరువాత చదివిన శాస్త్రం నాకు కొత్తగా నేర్పింది తక్కువే.

మన తీరంలోనే మరో విచిత్రం ఉంది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వారు వాటిని సేకరించి, కంచె లోపల పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో ఇమిడే ఆ పిల్లలు అల వైపు పాకుతుంటే మీరంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అదే తాబేలు పెద్దదై, ట్రాలరు వలలో చిక్కి, ఊపిరి పీల్చుకోవడానికి పైకి రాలేక చచ్చిపోతే మనకు బాధ. ఆ వలలోనే దాని పక్కన పడిన చేప మాత్రం మనకు కిలో ఇంత అని ధర పలికే సరుకు. ఏ ప్రాణి మీద జాలిపడాలో మనకు ఎవరు నేర్పుతున్నారో మీరే ఆలోచించండి. నాకైతే ఆ గీత ఎక్కడ గీయాలో తెలియలేదు, అందుకే చేపను కూడా వదిలేశాను.

పాల సంగతి అడుగుతారని నాకు తెలుసు, మీలో పెద్దది ఇప్పటికే వీగన్ల గురించి చదివిందట. 1944లో ఇంగ్లండులో పుట్టిన పేరు అది. పాలు, తేనె సహా జంతువుల నుంచి వచ్చే ఏదీ వాడనివారు వాళ్ళు. వారి వాదనలో బలం ఉంది. గేదె ఈనితేగాని పాలివ్వదు, ఈనినప్పుడల్లా ఆడదూడే పుట్టదు, దున్నపోతు దూడను మేపేవారు ఈ రోజుల్లో అరుదు. దూడ చనిపోతే దాని చర్మంలో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి, అది నాకుతుండగా పాలు పితకడం నా చిన్నతనంలో మా మేనమామ గారి ఊళ్ళో చూశాను. ఇదంతా తెలిసీ నేను మజ్జిగన్నం వదలలేకపోయాను. టీలో పాలు మానేశాను, నెయ్యి పండుగలకే పరిమితం చేశాను, ప్రస్తుతానికి అక్కడే ఆగాను. కాబట్టి ఎవరైనా వీగన్ అయితే నా కంటే ఒక మెట్టు ముందున్నారని ఒప్పుకుంటాను. పశుపోషణ వల్ల వెలువడే వాయువులు భూమిని వేడెక్కిస్తున్నాయనే కారణం కూడా ఈ మధ్య చెబుతున్నారు. అది నిజమే, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013లో ఆ వాటాను 14.5 శాతంగా లెక్కకట్టింది. అయితే నేను మానేసిన రోజున నాకు ఆ సంగతి తెలియదు, తెలియని కారణాన్ని నాదని చెప్పుకోలేను.

"మరి బలం ఎలా?" అన్నది మీ నాయనమ్మ ప్రశ్న. ఇది గట్టి ప్రశ్నే. పెద్దవారికి శరీర బరువులో కిలోకు సుమారు 0.83 గ్రాముల మాంసకృత్తులు రోజూ కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 100 గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకు పైగా ఉంటాయి. మాంసకృత్తుల్లో భాగమైన లైసిన్ వరిలో తక్కువ, పప్పులో ఎక్కువ, మరో భాగమైన మెథియోనిన్ పప్పులో తక్కువ, వరిలో ఎక్కువ, కనుక పప్పన్నం ఒకదాని లోటు ఒకటి తీర్చుకునే భోజనం. చోడి (రాగి) అంబలిలో కాల్షియం దండిగా ఉంటుంది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పైన నిమ్మకాయ పిండుకోవాలి, భోజనం కాగానే టీ తాగకూడదు. కానీ బి12 విటమిను సంగతిలో ఏ పప్పూ ఏ ఆకూ ఆదుకోదు. పాలు, పెరుగు తినేవారికి కొంత దొరుకుతుంది, అవి కూడా మానేవారు మాత్రలు వేసుకుని తీరాలి. లేకపోతే రక్తహీనత వస్తుంది, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుతాయి, నరాలు దెబ్బతింటాయి. నేను పెరుగు తింటూనే వైద్యుడి సలహా మీద ఆ మాత్ర కూడా వేసుకుంటాను. మీరు ఎదిగే వయసులో ఉన్నారు, కనుక మీలో ఎవరికైనా మానాలనిపిస్తే ముందు అమ్మానాన్నలతో, తరువాత డాక్టరుతో మాట్లాడాలి. నా ఉత్తరం చదివి ఆవేశంగా కంచం తోసేయడం నాకు సంతోషం కలిగించదు.

మీలో చిన్నవాడు "మొక్కలకు ప్రాణం లేదా?" అని గట్టి పాయింటు పట్టుకున్నాడు. ఉంది నాన్నా. మొక్కలు వేడికి, గాయానికి స్పందిస్తాయని జగదీశ్ చంద్రబోస్ పరికరాలు కట్టి మరీ చూపించారు. కానీ స్పందించడం వేరు, బాధపడటం వేరు. బాధకు కావలసిన మెదడు, నాడీమండలం తోటకూరకు లేవు. ఒకవేళ నీ మాటే నిజమైతే నా వాదం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే కోడి పెరగడానికి తినే మొక్కజొన్న, సోయా మనకు దాని నుంచి వచ్చే మాంసం కంటే ఎక్కువ తూగుతాయి. మొక్కల మీద అంత జాలి ఉన్నవాడు వాటిని నేరుగా తింటేనే తక్కువ మొక్కలు చస్తాయి.

నా ముందు తినడానికి మొహమాటపడుతున్నామని మీలో ఒకరు అమ్మతో అన్నారట. అలా మొహమాటపడవద్దు. వేసవి సెలవులకు ఎప్పటిలాగే రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేట నిషేధిస్తారు కాబట్టి, ఆ రోజుల్లో మీ నాయనమ్మకు మంచి కోనం దొరకడం ఎలాగూ కష్టమే. తెప్పల మీద వెళ్ళేవారు తెచ్చే చిన్న చేపలేవైనా వస్తే మీకు వేయిస్తుంది. లేత పనసకాయలు మాత్రం ఏజెన్సీ నుంచి రైతు బజారుకు బాగా వస్తాయి. మసాలా నూరి వండటం నాకు వచ్చు, ముక్కలు కోసేటప్పుడు చేతులకు జిగురు అంటకుండా నూనె రాసుకోవడం మీకు నేర్పుతాను.

ఇట్లు,
మీ తాతయ్య