ట్రావెల్ ఏజెంటు చేతిలో ఉన్నవీ లేనివీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో టికెట్లు, వీసాలు, యాత్రలు చూసే చిన్న కార్యాలయం నాది. వచ్చేవారిలో ఎక్కువమంది మనవాళ్లే. ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు, ఊరి నుంచి వచ్చిపోయే వాళ్ల తల్లిదండ్రులు. నా రోజులో సగం టికెట్లు తీయడానికి పోతే, మిగిలిన సగం ఈ కింది మాటలకు సమాధానం చెప్పడానికే పోతుంది.

అపోహ: విమాన సంస్థ కమీషన్ ఇస్తుంది కాబట్టి ఏజెంటుకు విడిగా సర్వీసు ఛార్జి ఇవ్వనక్కరలేదు.

వాస్తవం: ఒకప్పుడు మూల ఛార్జీ మీద 9 శాతం వచ్చిన కమీషన్‌ను విమాన సంస్థలు క్రమంగా తగ్గించుకుంటూ వచ్చి, 2008 చివరికల్లా చాలావరకు సున్నా చేశాయి. ఇప్పుడు కొన్ని సంస్థలు ఇచ్చేది ఎక్కువగా అమ్మకాల లక్ష్యం దాటిన పెద్ద ఏజెంట్లకు అందే ప్రోత్సాహకమే. చవక విమానాల టికెట్ తీయాలంటే ముందుగా మా డబ్బు వాలెట్‌లో, అంటే టికెట్ల కోసం ముందే జమచేసే ఖాతాలో, ఉండాలి. "జీతం పడగానే పంపిస్తాను అన్నా" అన్నవారి టికెట్ కూడా అందులో నుంచే పోతుంది. ఒక కుటుంబం పెద్దవాళ్లకు కాశీ, గయ, ప్రయాగ యాత్ర వేయమని అడిగితే, ఏ రోజు ఎక్కడ దిగాలో, పిండప్రదానానికి ఎంత సమయం ఉంచుకోవాలో, మోకాళ్ల నొప్పులున్నవారు ఏ ఘాట్‌కు దగ్గరగా ఉండాలో రెండు రోజులు కూర్చుని రాసిచ్చాను. వారు ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని, గదులన్నీ ఆన్‌లైన్‌లో తామే బుక్ చేసుకున్నారు. తీరా వారణాసి స్టేషన్‌లో దిగాక, ఆటో ఎంతకు మాట్లాడుకోవాలని ఫోన్ చేసింది మాత్రం నాకే. చెప్పాను, ఏం చేస్తాం.

అపోహ: ఆన్‌లైన్‌లో తక్కువ చూపిస్తున్నదంటే మిగతాది ఏజెంటు కలుపుకున్నట్టే.

వాస్తవం: ఒకే ఎకానమీ క్యాబిన్‌లోని సీట్లను విమాన సంస్థలు అనేక ధరల తరగతులుగా విడదీసి, ఒక్కొక్క తరగతిలో కొన్ని సీట్లే అమ్మకానికి ఉంచుతాయి. అన్నిటికన్నా చవక తరగతిలో రెండే మిగిలి ఉన్నప్పుడు మీరు నలుగురికి కలిపి అడిగితే, సిస్టమ్ సాధారణంగా నలుగురికీ పై తరగతి ధరే చూపిస్తుంది. చాలామంది ఇంట్లో ఒక్కరికి వెతికి, ఆ అంకెను నాలుగుతో హెచ్చవేసుకుని వచ్చి మా ముందు పెడతారు. ఇద్దరిద్దరిగా విడదీసి తీస్తే కొంత మిగిలే మాట నిజమే కాని, పీఎన్ఆర్‌లు రెండవుతాయి, విమానం రద్దయిన రోజు ఆ రెండింటినీ ఒకేచోటికి చేర్చడం ఒక యుద్ధం. పైగా వెతికిన పేజీలో కనబడే ధరలో కన్వీనియన్స్ ఫీజు ఉండదు, కొన్నిసార్లు చెక్-ఇన్ సామాను కూడా ఉండదు. అమెరికాకు వెళ్లే తల్లిదండ్రుల విషయంలో నేను చవక టికెట్‌ను కావాలనే పక్కన పెడతాను. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మ, దారిలో సామాను తానే తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయవలసిన రెండు వేర్వేరు టికెట్ల మీద ప్రయాణిస్తే, మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు ఆమెతో సంబంధం ఉండదు.

అపోహ: ఏజెంటుకు లోపల మనుషులుంటారు, ఏ టికెట్టయినా దొరుకుతుంది.

వాస్తవం: 2025 జులై నుంచి రైళ్ల తత్కాల్ బుకింగ్ తెరిచిన మొదటి అరగంట, అంటే ఏసీకి ఉదయం 10 నుంచి 10.30 వరకు, నాన్ ఏసీకి 11 నుంచి 11.30 వరకు, అధీకృత ఏజెంట్లకు బుకింగ్ అనుమతి లేదు. ఆ వేళలో ఆధార్ అనుసంధానించిన మీ సొంత ఐఆర్‌సీటీసీ (రైలు టికెట్ల వెబ్‌సైట్) ఖాతాయే మాకన్నా బలమైనది. మామూలు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించారు కాబట్టి, జనవరి 13న బయలుదేరాలంటే నవంబరు 14 ఉదయం 8 గంటలకే సిద్ధంగా ఉండాలి. భోగికి నాలుగు రోజుల ముందు వచ్చి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడకు నాలుగు కింది బెర్తులు అడిగేవారికి నేను చూపించగలిగేది వెయిటింగ్ లిస్టు ఒక్కటే. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లూ అంతే. వాటిని టీటీడీయే ఆన్‌లైన్‌లో ఇస్తుంది, మేము కారు మాత్రం పెట్టగలం.

అపోహ: వీసా రాకపోతే ఫీజు వెనక్కి ఇవ్వాలి.

వాస్తవం: అమెరికా సందర్శక వీసా దరఖాస్తుకు 185 డాలర్లు, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఇవి దరఖాస్తును పరిశీలించినందుకు ఆ ప్రభుత్వాలు తీసుకునే రుసుములు, తిరస్కరించినా తిరిగిరావు. వీసా గ్యారంటీ అని బోర్డు పెట్టినవారి దగ్గరికి వెళ్లకండి.

అపోహ: పేరులో ఒకటి రెండు అక్షరాలు తేడా ఉన్నా పరవాలేదు.

వాస్తవం: మన ఇంటిపేర్ల వల్ల వచ్చే చిక్కు ఇంతా అంతా కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్న పెద్దవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులకు సందర్శక వీసా ఇవ్వబోమన్నప్పుడు మా కార్యాలయంలో ఫోన్ మోగుతూనే ఉంది. దేశీయ విమానాలకైతే వాట్సాప్‌లో "శ్రీను" అని పంపుతారు, గుర్తింపు కార్డులో వెంకట శ్రీనివాసరావు అని ఉంటుంది. కార్డు ఫోటో అడిగితే "నా పేరు నాకు తెలియదా" అని నొచ్చుకుంటారు. అయినా ఆ ఫోటో చూడనిదే నేను కీబోర్డు ముట్టను. తొందరగా ఉన్నవారిని పక్క దుకాణానికి వెళ్లమని మర్యాదగానే చెబుతాను.