సైకోసిస్ తర్వాత ఆలోచన: ఆడా మగా తేడా ఎంత?

సైకోసిస్ అనగానే మనకి తట్టేవి రెండే: లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు. మందులు పడ్డాక చాలామందిలో ఇవి తగ్గుతాయి. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. భీమవరం పక్కన రొయ్యల చెరువు మీద మళ్లీ పనికి కుదిరిన కుర్రాడికి ఏ చెరువుకి మేత వేశాడో, దేనికి వేయలేదో గుర్తుండదు. రైతు నాలుగు రోజులు చూసి మానిపించేస్తాడు. నరసాపురంలో లేసు అల్లే అమ్మాయి పువ్వు మధ్యలో గొలుసుల లెక్క తప్పుతుంది. విప్పి మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ తప్పుతుంది. ఎన్ని గొలుసులు అయ్యాయో మనసులో ఉంచుకోవాలి, వేలు తర్వాతి గొలుసు లాగుతుండాలి, పక్కన ఎవరు పలకరించినా లెక్క జారిపోకూడదు. ఇలా పట్టి ఉంచే శక్తినే వర్కింగ్ మెమరీ అంటారు.

సైకోసిస్ ఎక్కువగా కనిపించే జబ్బు స్కిజోఫ్రీనియా. అందులో ఈ శక్తితోపాటు జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన వేగం కూడా తగ్గుతాయి. ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు గ్రహించడమూ కష్టమవుతుంది. మనిషి తన కాళ్ల మీద తాను నిలబడగలడా అన్నది చాలావరకు వీటిమీదే ఆధారపడుతుంది. జబ్బు లేని వందమందిని పరీక్ష మార్కుల ప్రకారం నిలబెడితే, సగటు మనిషి యాభయ్యో స్థానంలో ఉంటాడు. ఈ జబ్బున్న సగటు మనిషి అదే వరుసలో కింది నుంచి పదహారో స్థానం దగ్గర ఉంటాడు. ఇది ఆడవాళ్లకీ మగవాళ్లకీ దాదాపు ఒకటే.

మరి తేడా ఎక్కడ? పదిహేను మాటలు అయిదుసార్లు చదివి వినిపించి, గుర్తున్నవి చెప్పమనే పరీక్ష ఒకటుంది. జబ్బు లేనివాళ్లలో ఇందులో సగటున ఆడవాళ్లదే పైచేయి. ఒక ఆకారాన్ని మనసులో తిప్పి చూసే పరీక్షలో మగవాళ్లు ముందుంటారు. జబ్బు వచ్చాక కూడా చాలా అధ్యయనాల్లో ఇదే పోకడ కనిపించింది, కొన్నింట్లో ఏ తేడా తేలలేదు. ఆడా మగా మధ్య ఉన్నది చిన్న తేడా. జబ్బు వల్ల పోయేదే పెద్దది.

కొన్ని అధ్యయనాల్లో మగవాళ్లు ఎక్కువ నష్టపోయినట్టు కనిపించడానికి ఒక కారణం, జబ్బు మొదలయ్యే వయసు. జర్మనీలోని మాన్‌హైమ్‌లో హైంజ్ హెఫ్‌నర్ బృందం చూపించినట్టు, ఆడవాళ్లలో జబ్బు సగటున కొన్నేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. కుర్రాళ్లకి ఇంటరో డిగ్రీయో చదువుతుండగానే రావచ్చు. మెదడు ముందు భాగం అప్పటికి పూర్తిగా ఎదగదు, చదువూ మధ్యలో ఆగిపోతుంది. ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వాళ్లకి కొంత రక్షణ ఇస్తుందని ఒక వాదన. ముట్లు ఆగే వయసులో వాళ్లలో కొత్త కేసులు మరోసారి కాస్త పెరగడం దానికి బలం. శరీరంలో ఈస్ట్రోజన్ అతుక్కునే చోట్ల (గ్రాహకాల) మీద పనిచేసే రాలాక్సిఫీన్ అనే మందుని మామూలు మందులకి తోడుగా ఇచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధన 2015లో వచ్చింది. అందులో జ్ఞాపకం, ఏకాగ్రత మెరుగుపడ్డాయి. ఆ మేలు ఆడవాళ్లతోపాటు మగవాళ్లకీ జరగడం నాకు ఆశ కలిగించిన విషయం.

ఈ పరీక్షల్ని చదువుతో కలిపి చూడాలి. లంక గ్రామంలో అయిదో తరగతితో బడి మానేసిన యాభై ఏళ్ల ఆవిడని డిగ్రీ చదివిన కుర్రాడితో పోల్చి, తగ్గిందని తేల్చడం అన్యాయం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2004లో తెచ్చిన పరీక్షల సంపుటిలో వయసు, చదువు, ఆడా మగా ప్రకారం వేరువేరు ప్రమాణాలు ఉన్నది ఇందుకే.

నన్ను కలవరపెట్టేది ఇంటి లెక్క. మగవాడి మరుపు జీతం పోయిన రోజే బయటపడుతుంది, ఆస్పత్రికి తీసుకెళ్తారు. కోడలి మరుపుకి పేరు వేరు: బద్ధకం, పొగరు, "చెప్పిన పని బుర్రకెక్కదు". పొయ్యి మీద పాలు పొంగిపోతే తిట్టు పడుతుంది, పరీక్ష జరగదు. చెన్నైలో స్కిజోఫ్రీనియా మీద పనిచేసే స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు, ఈ జబ్బుతో కాపురం చెడిన స్త్రీల గురించి అధ్యయనం చేశారు. వాళ్లని చూసుకుంటున్నది ఎక్కువగా పుట్టింట్లోని వయసు మళ్లిన తల్లిదండ్రులే.

చేయగలిగినవి ఉన్నాయి. ఆలోచనా నైపుణ్యాలకి సాధన చేయించే పద్ధతి మీద జరిగిన 40 అధ్యయనాలని 2011లో కలిపి చూస్తే మేలు కనిపించింది. పునరావాస శిక్షణతో కలిపి నేర్పినచోట రోజువారీ జీవితంలో ఆ మేలు ఎక్కువ. చెరువు దగ్గర మేత వేసిన వేళ పలక మీద రాయించడం, లేసు లెక్కకి కాగితం మీద గీతలు పెట్టించడం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. సైకోసిస్ మందుల వల్ల వచ్చే చేతుల వణుకు, ఒళ్లు బిగుసుకోవడం తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది. అది ఏళ్ల తరబడి చీటీలో అలాగే కొనసాగుతుంటే, ఇంకా అవసరమా అని డాక్టరుగారిని అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.