కోడ్ కాపీ చేయాలా, ఉమ్మడిగా ఉంచాలా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం దుకాణాలకు నేను బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిస్తుంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఒక షాపుకి రాసిన ఫోల్డర్‌నే కాపీ చేసి, పేరు మార్చి, రెండో షాపుకి ఇచ్చేస్తారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: కాపీ చేస్తే పని త్వరగా తేలిపోతుంది.

వాస్తవం: ఆ రోజుకి తేలిపోతుంది. కానీ 2025 సెప్టెంబర్ 22న ఏమైందో చూడండి. జీఎస్టీ రేట్లు మారాయి. రెడీమేడ్ బట్టలకు అంతకుముందు వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12. ఆ రోజు నుంచి 2,500 దాకా 5, దాటితే 18. చాలా మందులు 12 నుంచి 5కి దిగాయి. పన్ను లెక్క పది ప్రోగ్రాముల్లో పది కాపీలుగా ఉంటే పదీ తెరవాలి. ఈలోగా ఆ కాపీలు ఒకేలా ఉండవు కూడా. ఒకదాంట్లో ఎవరో షరతు చేర్చి ఉంటారు, ఇంకోదాంట్లో ఒక లైను తీసేసి ఉంటారు. ఏది కావాలని చేసిందో, ఏది పొరపాటో తేల్చడానికే ఎక్కువ టైమ్ పోతుంది. దుకాణదారుడికి టెన్షన్, మనకీ టెన్షన్.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడి హోల్‌సేల్ వ్యాపారి ఊళ్లో షాపుకే సరుకు వేస్తే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) పడతాయి. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం వ్యాపారికి పంపితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీద పడే పన్ను. జీఎస్టీలో ఒడిశా రాష్ట్ర కోడ్ 21, ఆంధ్రప్రదేశ్‌ది 37. ఏ పన్ను వేయాలన్న ఈ నిర్ణయం ఒకే ప్రొసీజర్‌లో, అంటే పేరుతో పిలిచి ఎక్కడైనా వాడుకునే ఒక కోడ్ ముక్కలో ఉండాలి. పంపే రాష్ట్రం, చేరే రాష్ట్రం, వస్తువు, ధర, తేదీ ఇస్తే అది పన్ను చెప్పాలి. తేదీ తప్పనిసరి, ఎందుకంటే సెప్టెంబర్ మొదట్లో అమ్మిన చొక్కా తర్వాత తిరిగొస్తే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గిస్తూ ఇచ్చే చీటీ) పాత రేటుతోనే రావాలి. రేట్లు మాత్రం కోడ్‌లో రాయకండి. అమల్లోకి వచ్చిన తేదీతో సహా టేబుల్‌లో పెట్టండి.

అపోహ: ఒకేలా కనిపించే కోడ్ అంతా కలిపేయాలి.

వాస్తవం: మందుల ఎక్స్‌పైరీ 90 రోజుల్లో ఉంటే ఒక హెచ్చరిక, అప్పు 90 రోజులు దాటితే ఇంకో హెచ్చరిక. చూడ్డానికి రెండూ దాదాపు ఒకే లైన్లు. కలిపేశారనుకోండి, రేపు షాపు యజమాని అప్పు గడువు 45 రోజులు చేయమంటే, ఎల్లుండి పండగ నెలకి వదిలేయమంటే, ఈ షరతు ఉందా లేదా అని ప్రొసీజర్‌కి చెప్పే ట్రూ, ఫాల్స్ పారామీటర్లు పేరుకుపోతాయి. తేదీల తీసివేత ఉమ్మడిగా పెట్టండి, నిర్ణయాలు విడిగా ఉంచండి. ఒకే కారణంతో రెండూ మారతాయా అన్నదే నేను చూసేది.

అపోహ: ఒకచోట నడిచిన కోడ్ ఎక్కడైనా నడుస్తుంది.

వాస్తవం: 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. ఏరియన్ 4లో బాగా పనిచేసిన కోడ్‌నే అందులో వాడారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కావడంతో ఒక 64 బిట్ల విలువ 16 బిట్లలో పట్టలేదు. అందుకే ప్రొసీజర్ ఏ విలువల దాకా పనిచేస్తుందో దాని మీదే రాసి, పరీక్షలు కూడా జతచేయాలి.

అపోహ: ఉమ్మడి కోడ్ ముట్టుకుంటే అన్ని షాపులూ ఆగిపోతాయి.

వాస్తవం: వెర్షన్ నంబరు వేస్తే ఆగవు. కొత్త వెర్షన్‌ను ముందు ఒక షాపులో పెట్టి, పాత బిల్లులు మళ్లీ నడిపి, పైసాతో సహా సరిపోయాక మిగతావాళ్లకి పంపండి.