ఊరివారి చేతిలో వన్యప్రాణి సంరక్షణ: నిధులిచ్చేవారి అపోహలు - వాస్తవాలు

గ్రామ సంరక్షణ సంఘాలకూ దాతలకూ మధ్య ఒప్పందాలు కుదిర్చే పనిలో ఉన్న నాకు, వచ్చిన సొమ్ము ఎంత అన్నదాని కన్నా అది ఎవరి చేతికి, ఏ నెలలో, ఎన్నేళ్లపాటు అందుతుందన్నదే ముఖ్యమని అర్థమైంది. చర్చల్లో తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: వన్యమృగాల దాడిలో పశువును కోల్పోయినవారికి పరిహారం చెల్లిస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: పరిహారం అవసరమే గాని, దరఖాస్తు, తనిఖీ, మంజూరు దాటుకొని అది చేతికందేసరికి కాపరి కోపం ముదిరిపోతుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కిబ్బర్ గ్రామస్థులు ఇందుకు పశువుల బీమాను తామే నడుపుకున్నారు. పశువుల యజమానులు ప్రీమియం కడతారు, బయటి సంస్థ కొంత జమ చేస్తుంది, చనిపోయిన పశువును ఊరి కమిటీయే పరిశీలిస్తుంది. గొంతు మీద కోరల గాట్లు ఉన్నాయా, జబ్బుతో చచ్చిన జంతువును తర్వాత ఏదైనా పీక్కు తిన్నదా అన్నది వారికి చూడగానే తెలుస్తుంది. పైగా నిధిలో తమ డబ్బు కూడా ఉన్నందున అబద్ధపు దావాను ఇరుగుపొరుగువారే ఒప్పుకోరు. ఇక నష్టం జరగకుండా చూడడం మరో పని. మంచు చిరుత దొడ్డి పైకప్పు సందులోంచి లోపలికి దూకితే, పారిపోయే దారి లేక బెదిరిన గొర్రెలను ఒకే రాత్రిలో పదుల సంఖ్యలో చంపగలదు. పైన ఇనుప వల, బిగువైన తలుపు ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అయితే ఇనుప వల ఫొటోలో అందంగా కనిపించదు కాబట్టి, దాతలు జంతువు మెడకు కట్టి దాని జాడ తెలుసుకునే రేడియో కాలర్ల వైపే మొగ్గు చూపుతారు.

అపోహ: గ్రామ సంఘాలకు లెక్కలు చేతకావు, సొమ్ము పెద్ద సంస్థల దగ్గర ఉండడమే క్షేమం.

వాస్తవం: ఆఫ్రికాలోని నమీబియాలో 1996 నాటి చట్ట సవరణ ఆధారంగా ఏర్పడిన 80కి పైగా కన్సర్వెన్సీలు, అంటే తమ ప్రాంతంలోని వన్యప్రాణులను తామే చూసుకునే స్థానిక సంఘాలు, దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతులో విస్తరించాయి, వాటికి నమోదైన సభ్యులు, సొంత నియమావళి, ఎన్నికైన కమిటీ ఉంటాయి. అయినా నమ్మకం కుదరడం లేదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ఆదివాసులకూ స్థానిక సమూహాలకూ 170 కోట్ల డాలర్లు ఇస్తామని దాతలు ప్రకటించారు. తొలి ఏడాది ఖర్చులో ఆయా సంఘాలకు నేరుగా చేరినది సుమారు 7 శాతమే. అలాగని ఊరి సంఘాలన్నీ నిర్దోషులని నేను అనను. కమిటీలో పెత్తందార్లే నిండిపోయి, రోజూ అడవికి వెళ్లే స్త్రీలకూ కాపరులకూ మాట చెల్లని చోట్లూ ఉన్నాయి. జమాఖర్చులను ఊరంతా చూసేలా గోడ మీద రాయించడం, ఆడిట్ కన్నా ముందే ఆ లోపాన్ని బయటపెడుతుంది.

అపోహ: పర్యాటకం వస్తే దాతల అవసరమే ఉండదు.

వాస్తవం: 2020లో కోవిడ్ వల్ల ప్రయాణాలు ఆగిపోగానే అదే నమీబియాలో కన్సర్వెన్సీల పర్యాటక ఆదాయం కుప్పకూలింది, కాపలాదారుల జీతాలకు అత్యవసర నిధి వెతకవలసి వచ్చింది.

అపోహ: మూడేళ్ల గ్రాంటులో ఫలితం కనిపించాలి.

వాస్తవం: ఏనుగు గర్భం మోసేదే సుమారు 22 నెలలు, ఈతకూ ఈతకూ మధ్య నాలుగైదేళ్ల ఎడం ఉంటుంది. కొద్ది మొత్తమైనా పదేళ్లపాటు, స్థానిక రుతువులకు తగ్గట్టు విడుదల చేయమని నేను దాతలను అడుగుతాను. ఒకసారి దొడ్ల పైకప్పుల సొమ్ము మంచుకు కనుమ దారి మూసుకుపోయాక విడుదలైంది, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చు చేయాలన్న షరతుతో. కొన్న వలలు చలికాలమంతా కొండ కింద గోదాములోనే ఉండిపోయాయి. వినియోగ నివేదికను మాత్రం మేము గడువులోగానే పంపాము.