బొమ్మ పడవకు రంగు వేసే ముందు: అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇలా రంగు చెడి నా దగ్గరికొచ్చిన పడవ ఇది మూడోది. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, పలకలు అతికించి రిమోట్ పడవ చేశాడు. ముదురు నీలం గ్లాసీ పెయింట్ కొట్టేసరికి అతుకులన్నీ పక్కటెముకల్లా తేలాయి. విజయవాడ పటమటలో మా షెడ్డుకి గుడ్డలో చుట్టి తెచ్చాడు. "ఇంకో రెండు కోటింగులు కొడితే కప్పుకుపోతాయా సార్?"

అపోహ: రంగు పడితే గీతలు, గుంటలు కనబడవు.

కనబడతాయి నాయనా, ఇంకా బాగా కనబడతాయి. స్ప్రే కోటు ఎండాక వెంట్రుక మందం కూడా ఉండదు. గుంటలో గుంటగానే పడుతుంది, గట్టు మీద గట్టుగానే. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, పది రోజుల పని మళ్ళీ చెక్క దాకా గీకాల్సి వస్తోంది.

నా మొదటి పడవ కథా ఇదే. ట్యూబ్‌లైట్ కింద అద్దంలా ఉంది. పొద్దున్నే పున్నమి ఘాట్‌కి తీసుకెళ్తే, ఏటవాలు ఎండలో పలకలు లెక్కపెట్టుకోవచ్చు. నీళ్ళలో దించకుండానే స్కూటర్ మీద ఇంటికి తెచ్చేశాను.

ఇప్పుడు హల్ (పడవ ఒళ్ళు) నిండా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీస్తాను. తెగిన హవాయి చెప్పు ముక్కకి 180 నంబర్ గరుకు కాగితం చుట్టి పొడవునా రుద్దుతాను. ఉత్త వేళ్ళతో రుద్దితే వేలి వెడల్పున కాలవ పడుతుంది. గీతలు చెరగని చోటే గుంట. అక్కడ పుట్టీ, మళ్ళీ పెన్సిల్. ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) ఆరాక లైటార్పి, ఫోన్ టార్చ్ హల్‌కి ఆనించినట్టు పక్కవాటుగా పట్టి చూస్తే మిగిలినవి దొరికిపోతాయి.

అపోహ: పుట్టీ ఒకేసారి దట్టంగా పెట్టేయొచ్చు.

ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ థిన్నర్ ఆరేకొద్దీ కుంగుతుంది. పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది, రంగు వేశాక నెమ్మదిగా గుంట తేలుతుంది. పల్చగా, విడతలుగా పెట్టండి. లోతుగా ఉంటే ఆటోనగర్‌లో కార్లకు వాడే, హార్డెనర్ కలిపే పుట్టీ తెచ్చుకోండి. అది నీళ్ళు పీలుస్తుంది కాబట్టి పొడిగానే రుద్దాలి. గోడల లప్పం పెట్టిన మహానుభావులూ ఉన్నారు, దాని సంగతి అడక్కండి. పక్కనే కొండపల్లిలో చూడండి, తెల్లపొణికి చెక్క బొమ్మ అతుకుల్ని చింతగింజల మక్కుతో (ముద్దతో) పూడ్చి, ఆరబెట్టి, సున్నం పూశాక గానీ రంగు జోలికి పోరు. (ఆ మక్కు నీళ్ళకు ఆగదు, పడవకి వద్దు.)

అపోహ: ఎంత నునుపైతే అంత మంచిది.

ప్రైమర్ మీద 400 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) చాలు. 1000తో రుద్దితే రంగుకి పట్టు దొరకదు.

అపోహ: ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే జిగురు) గట్టిపడగానే రుద్దేయొచ్చు.

వానాకాలం మన తేమకి పైన జిడ్డు పొర కట్టొచ్చు. ముందు నీళ్ళతో కడిగి తుడవండి.

ఆ కుర్రాడి ప్రదర్శన సోమవారమట, కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. హల్ షెడ్డులోనే ఉంచమన్నాను. ఇద్దరం కూర్చుని నీలం గీకేస్తాం. టైం చాలకపోతే ఈసారికి మ్యాట్ కొడదామన్నాను, మెరుపు లేకపోతే అతుకులు కాస్త తక్కువగా కనబడతాయి.