పద్దెనిమిది గుంటలు ఎటు పోయినట్టు?

ఏ చేను ఎవరిదో, ఎవరు దున్నుతున్నారో ఏటా రాసే పుస్తకం పహాణీ. చేతిరాత పహాణీలో మా నాయన పేరున 2-20 ఉంది. అంటే రెండెకరాల ఇరవై గుంటలు. కొత్త పాస్‌బుక్కులో 2.02 అని, అంటే రెండెకరాల రెండు గుంటలని వచ్చింది. ఎవరో 2.2 అని కొట్టి ఉంటారు. లెక్కల పుస్తకంలో 2.20, 2.2 ఒకటే. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి భూమి దగ్గర ఆ లెక్క నడవదు.

నిజాం కాలంలో భూమి కొలిచి రాసిన సేత్వార్ ఉర్దూలో ఉండేది. అందులో గొలుసుకట్టుగా సాగే శికస్తా రాత ఉర్దూ వచ్చినవాళ్లకూ ఓ పట్టాన అందదు. హైదరాబాద్ భారత్‌లో కలిశాక, 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. ఇప్పటికీ నల్లగొండలో భూమి తగాదా పట్టుకుని వెళ్తే వకీలు ముందు అడిగేది దాని నకలే.

ఏటా పహాణీ రాసే పట్వారీ పుస్తకాన్ని ఇంట్లోనే పెట్టుకునేవాడు. ఎవరి పేరు ఎక్కించాలన్నా, ఎవరిది కొట్టెయ్యాలన్నా ఆయన ఇష్టమే. కాబట్టి చేతిరాతను నేనేం నెత్తిన పెట్టుకోను. కాకపోతే కొట్టేస్తే గీత కనపడేది, సిరా మారితే తెలిసేది. పట్టాదారు పేరు ఒక గడిలో ఉంటే, చేను దున్నే అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉండేది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పట్వారీలను తీసేసింది. 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లొచ్చాయి. అసలు హడావుడి 2017 సెప్టెంబరులో తెలంగాణలో మొదలైన భూమి రికార్డుల ప్రక్షాళనతో వచ్చింది. చేతిరాతలో 112/ఇ, 112/ఈ లాంటి సర్వే నంబర్లు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఏ ముక్క ఎవరిదో ఊళ్లోవాళ్లకు నోటికే తెలుసు, టైపు చేసే పిల్లవాడికి ఎట్లా తెలుస్తుంది? అనుభవదారు గడినైతే మొత్తానికే ఎత్తేశారు. 2020 సెప్టెంబరులో ఊరి రెవెన్యూ అధికారులైన వీఆర్వోల వ్యవస్థ పోయింది, అక్టోబరు 29న భూమి రికార్డుల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి వచ్చింది. అందులో తప్పు దిద్దించుకోవాలంటే టీఎం-33 అనే దరఖాస్తు పెట్టి తిరగాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి దాని చోట భూభారతి పోర్టల్ వచ్చింది.

మా నాయన పాత పహాణీ జిరాక్సును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసుకు పోయిండు. 2-20 మీద వేలు పెట్టి చూపించిండు. ఆపరేటర్ కాగితం వైపు చూడలేదు. స్క్రీన్ ఇటు తిప్పి, “సిస్టంల ఇట్లనే ఉన్నది పెద్దాయనా” అన్నడు.