మార్లవాయి భూములు, క్షేత్రపరిశోధన: ఒక నేపథ్యం

ఒక సమాజాన్ని తెలుసుకోవాలంటే దాని మధ్య దీర్ఘకాలం నివసించి, ఆ భాష నేర్చుకుని, ఆ మనుషుల పనిపాటల్లో కలిసి తిరుగుతూ పరిశీలించాలన్న నియమం మానవశాస్త్రంలో బలపడింది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో. ఆస్ట్రియా పౌరుడు కావడం వల్ల బ్రిటిష్ వారి దృష్టిలో శత్రుదేశీయుడైన బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ 1915-18 మధ్య ట్రోబ్రియాండ్ దీవుల్లో ఎక్కువ కాలం గడిపి, 1922లో వెలువరించిన గ్రంథంతో ఈ పద్ధతికి ఒక ప్రమాణం ఏర్పరిచాడు. లండన్‌లో ఆయన నిర్వహించిన చర్చాసభల్లో పాల్గొన్న వియన్నావాసి క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు అదే విధమైన స్థితిలో చిక్కుకుని, నిజాం రాజ్యానికే పరిమితం కావలసి వచ్చింది.

భార్య బెట్టీతో కలిసి ఆయన మొదట నల్లమలలోని చెంచుల మధ్య, తరువాత గోదావరి వెంట పాపికొండల కొండరెడ్ల మధ్య పనిచేశాడు. అయితే అధ్యయనం పాలనతో నేరుగా ముడిపడింది ఆదిలాబాద్‌లోనే. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీమ్‌ను పోలీసులు కాల్చి చంపిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి కలిగింది.

దానికి సమాధానం కచేరీ దస్త్రాల్లో దొరికేది కాదు. గోండులలో చాలామంది పట్టా లేకుండా, శివాయి జమాబందీ కింద, అంటే ప్రభుత్వ భూమిపై శాశ్వత హక్కు లేని తాత్కాలిక సాగు పద్ధతిలో, ఏటా శిస్తు కట్టి సాగు చేసుకునేవారు. నేలకు బలం చేరడానికి వారు బీడుగా వదిలిన పొలాలు రెవెన్యూ లెక్కల్లో యజమాని లేని భూములయ్యాయి. అటవీశాఖ కొన్నింటిని రిజర్వు హద్దుల్లోకి లాక్కుంది, మరికొన్నింటికి బయటి నుంచి వచ్చినవారు పట్టాలు చేయించుకున్నారు. ఆదిలాబాద్‌లోని గోండు గ్రామం మార్లవాయిలో నివాసం ఏర్పరచుకుని, గోండి నేర్చుకుని, గోండుల వంశగాయకులైన ప్రధానులు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడే వంశగాథలను రాసుకున్న పరిశోధకుడికి ఈ భూమి గొడవ కూడా సంస్కృతిలో భాగంగానే కనిపించింది. ఏ గోత్రం ఎక్కడ తన పెన్‌ను, అంటే కులదైవాన్ని, కొలుస్తుందో తెలియనిదే ఊరికీ నేలకూ ఉన్న బంధం అర్థం కాదు. ఆయన కృషిలో అత్యంత విలువైనది ఇదేనని నా నమ్మకం.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. పిల్లలకు గోండిలో వాచకాలు తయారయ్యాయి. వేల ఎకరాలకు పట్టాలు ఇచ్చారు. అయినా ఆయన నిజాం ప్రభుత్వ సలహాదారు కూడా అయినందున, తిరుగుబాటును అణచిన ప్రభుత్వమే ఆ పరిశోధనకు అండగా నిలిచిందన్న సంగతిని పక్కనబెట్టి ఆ రచనలను చదవడం సరికాదు.

గిరిజన భూముల బదలాయింపును అడ్డుకునే 1959 నాటి ఆంధ్ర నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించింది, 1970లో మరింత కఠినమైంది. కానీ 1970ల చివర తిరిగి వచ్చిన హైమెన్‌డార్ఫ్, పట్టాలు పొందిన కుటుంబాలు సైతం భూములు పోగొట్టుకున్న తీరును ఊరూరా నమోదు చేసి 1982లో ప్రచురించాడు.